చంద్రుడికో నైలాన్ పోగు

చంద్రుడి మీద నాకు వ్యక్తిగతమైన కక్ష ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. చౌరస్తాల్లో చంద్రగోళాలు వేలాడదీసే బహిరంగ కళతో సంస్కృతులు కలుస్తాయనీ, ప్రకృతి మీద శ్రద్ధ పెరుగుతుందనీ తరచూ వింటున్నాను. కానీ అసలు చంద్రుడి పనితీరును ఇంతవరకూ ఎవరూ సమీక్షించలేదు. ఎవరో ఒకరు చెడ్డవాళ్లు కావాలి కదా అని ఆ భారం నేను నెత్తికెత్తుకున్నాను.

సుమారు 450 కోట్ల ఏళ్లుగా ఒకడే ఉద్యోగి, ఒకటే సీటు. టెండరు పిలిచింది లేదు, రెన్యువల్ అడిగింది లేదు. హాజరుపట్టీ తిరగేస్తే కడుపు తరుక్కుపోతుంది. సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యం. ఇవాళ చీకటి పడగానే వచ్చినవాడు రేపు ఇంకాస్త ఆగి వస్తాడు, వారం తిరిగేసరికి అర్ధరాత్రి దాటాక తీరిగ్గా దిగుతాడు. నెలకోసారి అసలు కనిపించడు. సెలవు చీటీ పెట్టడు సరికదా, ఆ ఎగవేతకు అమావాస్య అని మనమే మర్యాదగా పేరు పెట్టి కాపాడుతున్నాం. వచ్చిన రోజుల్లోనైనా చేతనైనంత చేస్తాడా? సగం చంద్రుడు సగం వెలుగిస్తాడని అమాయకంగా అనుకుంటాం. ఇచ్చేది నిండు చంద్రుడి వెలుగులో ఇంచుమించు పదో వంతు. సగం జీతం తీసుకుని పదో వంతు పనిచేసేవాళ్లను మనం చూడలేదని కాదు. కానీ వాళ్ల మీద కవిత్వం రాయలేదు.

సరుకు నాణ్యత సంగతి ఇంకా ఘోరం. వెండిపళ్లెం అని, పాలనురుగు అని కవులు రాసిచ్చిన సర్టిఫికెట్లన్నీ తిరిగి పరిశీలించాల్సిందే. చంద్రుడి నేల తన మీద పడిన ఎండలో నూటికి 12 పాళ్లే వెనక్కి పంపుతుంది. అంటే అరిగిపోయిన తారురోడ్డు ఎంత తెల్లనో ఆయనా అంతే తెల్లన. ఆకాశానికి ఒక తారురోడ్డు ముక్క అతికించి ఉంది, దాని చుట్టూ చీకటి ఉంది కాబట్టి అది మనకు వెన్నెలగా చలామణీ అవుతోంది. (ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. చివర్లో అక్కరకొస్తుంది.)

పైగా ఈ ఉద్యోగి నెమ్మదిగా జారుకుంటున్నాడు. అపోలో యాత్రికులు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదికి లేజర్ కిరణం వదిలి, అది తిరిగొచ్చే వ్యవధిని బట్టి దూరం కొలుస్తున్నారు. ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకు దూరం జరుగుతున్నట్టు తేలింది. ఎక్కడికి పోదామనో అడిగితే సమాధానం ఉండదు.

ఇలాంటివాణ్ణి నమ్ముకుని సంస్కృతుల మధ్య వారధులు కట్టడం, ప్రకృతిని కాపాడడం వంటి గురుతర బాధ్యతలు నెత్తిన పెట్టుకోగలమా? అందుకే నగరాలు తెలివైన పని చేస్తున్నాయి. ఎవరి చంద్రుణ్ణి వాళ్లు తెచ్చుకుని వేలాడదీసుకుంటున్నాయి.

ఈ వరవడికి మూలమైన పని మాత్రం మంచి పని. ఆ మాట చెప్పకపోతే నా నోరు పుచ్చిపోతుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉండే ల్యూక్ జెరామ్ అనే కళాకారుడు 2016లో 7 మీటర్ల వ్యాసమున్న చంద్రగోళాన్ని తయారుచేశాడు. నాసా తీసిన ఫొటోలను గుడ్డ మీద అచ్చువేసి, గాలి నింపి, లోపల దీపం పెట్టాడు. అసలు చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు కాబట్టి ఈ గోళం మీద ఒక సెంటీమీటరు అక్కడి 5 కిలోమీటర్లతో సమానం. ఆయన ఊరి దగ్గరి సముద్రంలో ఆటుపోట్ల మధ్య నీటి ఎత్తు తేడా 10 మీటర్లు దాటుతుంది. ప్రపంచంలో అంతకు మించిన తేడా ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. రోజూ నీళ్లు అలా లేచి పడడం చూసిన మనిషికి, వాటిని లేపుతున్నది ఎవరా అని తల పైకెత్తాలనిపించింది. చర్చిల్లో, చౌరస్తాల్లో, ఈతకొలనుల మీద ఆ గోళం వేలాడింది. దాని కింద వెల్లకిలా పడుకుని, గోతుల్నీ మచ్చల్నీ తీరిగ్గా చూసుకునే అవకాశం టెలిస్కోపు లేనివాళ్లకు కూడా దొరికింది. అందులో వంక పెట్టడానికి నాకేమీ కనబడదు.

నేను మాట్లాడేది దాని తర్వాత పుట్టిన చుట్టాల గురించి. అచ్చంగా ఆ గోళంలాగే ఉండాలి, కానీ మాది ఇంకో మీటరు పెద్దదై ఉండాలి అనుకునే కమిటీల గురించి. అలాంటి కమిటీలు వేసే కరపత్రాలు చదవడం నాకొక వ్యసనం. వాటిలో ‘చాంద్రలయ’, ‘మమేకం’, ‘అనుసంధానం’ అనే మూడు మాటలు ఉండి తీరతాయి. నాలుగో మాట స్పాన్సర్ పేరు.

చంద్రుడికో నూలుపోగు అన్నారు పెద్దలు. ఉన్నంతలో ఒక దారప్పోగు సమర్పించి దణ్ణం పెట్టుకోమని. మనం నూలు దగ్గర ఆగలేదు, నైలాన్‌కు ఎదిగాం. ఆ నైలాన్‌ను చంద్రుడికి సమర్పించడమూ మానేశాం. నైలాన్‌తో చంద్రుణ్ణే కుట్టించుకున్నాం.

కుట్టించిన చంద్రుడి సుగుణాలు చెప్పనలవి కావు. సాయంత్రం ఆరింటికి స్విచ్ వేస్తే వస్తాడు, పదింటికి తీసేస్తే పోతాడు. మబ్బు అడ్డం రాదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతిరోజూ పున్నమే. చాంద్రలయను ప్రజలకు చేరువ చేయడానికి పెట్టిన ఆ గోళంలో లయ అన్నదే లేకుండా చేయగలిగారు. పాటలో తాళం ఇబ్బందిగా ఉందని తీసేసి, ఒకే స్వరాన్ని మూడు వారాలు పట్టుకుని కూర్చున్నట్టు. పెరగడం, తరగడం, మాయమవడం అనే గందరగోళం లేదు. మాయమైతే టికెట్టు డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తుందేమో మరి.

ఒక నిండు గోళం కింద నిలబడి జనం ఫొటోలు దిగుతున్న సమయంలో, వాళ్ల వీపుల వెనక తూర్పున అసలువాడు పైకి వస్తూ ఉండే అవకాశం నెలకు ఒకసారైనా ఉంటుంది. పున్నమినాడు సూర్యుడు అటు దిగుతుంటే ఇటు వీడు లేస్తాడు, ఆ ఒక్కరోజు మాత్రం సమయపాలన కచ్చితం. ఫొటోలో ఇద్దరూ పడితే అసలువాణ్ణి కత్తిరించేయడమే మంచిది. చిన్నగా ఉంటాడు, పైగా మసకగా.

ఇక సంస్కృతుల అనుసంధానం. ఈ విషయంలో కరపత్రాలకు గట్టి నమ్మకం ఉంది. మనుషులందరి మీదా ఉన్నది ఒకే చంద్రుడు కాబట్టి ఆయన్ని చూపిస్తే అందరూ ఏకమైపోతారని. ఆ ముక్క మీద నాకు సందేహం లేదు. ఒకే ఆస్తి ఉన్న అన్నదమ్ములు ఎంత ఏకంగా ఉంటారో మనం చూస్తూనే ఉన్నాం.

చంద్రుడి చుట్టూ అల్లుకున్న సంస్కృతుల అసలు సంపద వాటి తగాదాల్లోనే ఉంది. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. అలాంటివి 12 పేర్చితే 354 రోజులు వస్తాయి, ఏడాదికి 11 రోజులు తక్కువ. ఆ 11 రోజుల్ని ఏం చేసుకోవాలన్నది వేల ఏళ్లుగా మనిషిని వేధించిన లెక్క. ఇస్లామీయ పంచాంగం ఆ తేడాను పట్టించుకోదలచుకోలేదు. అందుకే రంజాన్ మాసం ఏటా వెనక్కి జరుగుతూ దాదాపు 33 ఏళ్లలో రుతువులన్నీ చుట్టివస్తుంది. యూదులు 19 ఏళ్లకు 7 అదనపు నెలలు చేర్చి లెక్క సరిచేశారు. చైనావాళ్లూ నెలలు చేర్చేవాళ్లే. మన అధిక మాసం ఆ కుటుంబంలోదే. చేర్చాలని ఒప్పుకున్నవాళ్లలోనైనా పొత్తు కుదిరిందా? భారతదేశంలో ఉత్తరాన నెల పున్నమితో ముగుస్తుంది, దక్షిణాన అమావాస్యతో. అదే ఆకాశం, అదే బహుళపక్షం, కానీ వాళ్లకు ఒక నెల, మనకు ఇంకో నెల. న్యూజిలాండ్ మావోరీలు ఇంకా ముందుకెళ్లి నెలలో ప్రతి రాత్రికీ విడివిడిగా పేరు పెట్టారు. విరో అంటే చంద్రుడు కనిపించని రాత్రి, రాకౌనుయి అంటే నిండు పున్నమి. చేపలకు వెళ్లాలా వద్దా, నాట్లు వేయాలా ఆగాలా అన్నది ఆ పేరే చెప్పేది.

అంత సూక్ష్మంగా ఆకాశాన్ని చదివిన జాతుల మధ్య వారధిగా, ఒకే ఒక్క రాత్రిని పట్టుకుని దానికి గాలికొట్టి వేలాడదీశాం. మావోరీ పంచాంగంలో 29 పేర్లు కొట్టేసి రాకౌనుయి ఒక్కటే ఉంచామన్నమాట. అనుసంధానం పూర్తయింది. ఏ ఒక్కరికీ తమది కాదన్న బాధ లేదు, ఎందుకంటే అది ఎవరిదీ కాదు.

ఎలా వేలాడదీయాలన్నది కూడా చిన్న విషయమేమీ కాదు. ఉత్తరార్ధగోళంలో కనిపించే చంద్రుడు దక్షిణార్ధగోళంలో తలకిందులుగా ఉంటాడు. భూమధ్యరేఖ దగ్గర నెలవంక పడవలా వెల్లకిలా తేలుతుంది. అందుకని పైభాగం ఏదన్న ప్రశ్న రాజకీయ ప్రశ్నే. కమిటీలు దీన్ని పట్టించుకోవు, కొక్కెం ఎటు ఉంటే అటే ఉత్తరం. కరపత్రం మీద బొమ్మ వేసేవాడి ధైర్యం ఇంకా గొప్పది. అర్ధరాత్రి నడినెత్తిన సన్నని నెలవంకను వేస్తాడు. అలాంటి చంద్రుడు సూర్యుడు దిగిన కాసేపటికే తానూ దిగిపోతాడు, అర్ధరాత్రి ఆయన్ని చూడాలంటే భూమిని తవ్వాలి. ఆ నెలవంక ఒడిలో ఒక నక్షత్రాన్ని కూడా పెడతాడు. చీకటిగా ఉన్న ఆ భాగంలో ఉన్నది చంద్రుడే కాబట్టి నక్షత్రం చంద్రుడికి ఇవతల నిలబడాల్సి వస్తుంది. చాంద్రలయతో మమేకమైన బొమ్మ అది.

ఇవేవీ లేని కాలంలో జనం ఒకరితో ఒకరు సంప్రదించుకోకుండానే కొన్ని పనులు చేశారు. భారతదేశంలో తలెత్తి చూసినవాళ్లకు అందులో కుందేలు కనిపించింది, అందుకే ఆయన శశాంకుడు. చైనాలో చూసినవాళ్లకూ కుందేలే. సముద్రాలకు ఆవల మెక్సికోలో చూసినవాళ్లకూ కుందేలే. ఈ ముగ్గురినీ కలపడానికి ఏ సాంస్కృతిక శాఖా నిధులు మంజూరు చేయలేదు. లెక్కల్లో చూపడానికి ఓచర్లు కూడా లేవు, అందుకే ఇది అధికారిక అనుసంధానం కింద రాదు.

బహిరంగ కళ అని ఇప్పుడంటున్నది అప్పుడూ ఉండేది. స్కాట్లాండ్‌లో వారెన్ ఫీల్డ్ అనే చోట దాదాపు 10,000 ఏళ్ల కిందట ఎవరో వంపుగా 12 గుంటలు తవ్వారు. అవి చాంద్రమాసాలు లెక్కపెట్టుకోవడానికేనని పరిశోధకులు 2013లో ప్రతిపాదించారు. గుంటలు తవ్వి వదిలేయడం మన నగరపాలక సంస్థలకూ తెలిసిన విద్యే అయినా, వాటితో నెలలు లెక్కపెట్టాలన్న ఊహ ఇంకా రాలేదు. అదే స్కాట్లాండ్‌లో లూయిస్ దీవి మీద కల్లనిష్ రాళ్లున్నాయి, వాటి వయసు సుమారు 5,000 ఏళ్లు. చంద్రుడి కక్ష్య ఒరిగే తీరు 18.6 ఏళ్లకోసారి తిరిగివస్తుంది. అప్పుడు అక్కడి నుంచి చూస్తే చంద్రుడు దక్షిణపు కొండల అంచును రాసుకుంటూ సాగిపోతాడు. మొన్న 2024, 2025లలో ఆ ప్రదర్శన జరిగింది. మళ్లీ 2043 ప్రాంతంలో.

ఇప్పుడు ఈ ప్రతిపాదన ఏదైనా కమిటీ ముందు పెట్టి చూడండి. ‘అయ్యా, రాళ్లు నిలబెడదాం. కరెంటు అక్కర్లేదు. ప్రారంభోత్సవం 18 ఏళ్ల 7 నెలల తర్వాత.’ అధ్యక్షుడి పదవీకాలం అయిదేళ్లు. ఆ ఫైలు ఏ అలమరాలోకి పోతుందో చెప్పనక్కర్లేదు. రాళ్లు మోసినవాళ్లలో చాలామంది రెండోసారి ఆ దృశ్యం చూసి ఉండరు. చూసినవాళ్లు ముసలివాళ్లయి, పిల్లల్ని తీసుకొచ్చి ‘అదుగో, అక్కడ’ అని చెయ్యెత్తి చూపించి ఉంటారు. ఈ భాగం రాస్తున్నప్పుడు నా వ్యంగ్యం కాసేపు పనిచేయలేదు, మన్నించాలి.

ప్రాగ్ నగరంలోని ఖగోళ గడియారం సంగతి వేరు. అది 1410 నాటిది. దాని ముఖం మీద ఒక చిన్న గోళం ఉంది, సగం వెండి, సగం నలుపు. అది తిరుగుతూ ఆ రోజు చంద్రుడు ఎంత నిండాడో చూపిస్తుంది. ఎన్నో మరమ్మతులయ్యాయి, ఇంకా తిరుగుతూనే ఉంది. దాని నల్లసగం ఎందుకని ఆ ఊరి పెద్దలెవరూ అడగలేదు కాబోలు. ఇప్పటివాళ్లయితే రెండు సగాలకూ వెండిపూత వేయించేవాళ్లు.

కరపత్రంలో చివరి పేరా ఎప్పుడూ ప్రకృతికే. ‘ఈ ప్రదర్శన ద్వారా ప్రకృతి పట్ల శ్రద్ధను పెంపొందిస్తాం.’ ఎలా పెంపొందిస్తారని అడిగితే, గోళం చుట్టూ ఉన్న చెట్లకు ఆకుపచ్చ లైట్లు చుట్టామంటారు. చెట్టు ఆకుపచ్చగా ఉంటుందన్న సంగతి రాత్రిపూట ఎవరూ మర్చిపోకుండా.

వృథాగా పోయిన దాన్ని అడవి కాచిన వెన్నెల అంటాం మనం. మనిషి చూడని వెన్నెల దండగ అన్న లెక్క. ఈ సామెత కట్టిన మనిషి తెలివైనవాడే, కానీ అడవిని అడిగి ఉండాల్సింది. పేడపురుగునే తీసుకోండి. దొరికిన పేడను గుండ్రటి ఉండగా చుట్టి, తోటి పురుగులు లాక్కోకముందే సూటిగా దొర్లించుకుపోతుంది. ఆఫ్రికాలో ఒక జాతి ఆ సూటితనాన్ని వెన్నెల నుంచి తెచ్చుకుంటుందని 2003లో కనిపెట్టారు. చంద్రకాంతి గాలిలో చెదిరి ఆకాశంలో ఒక క్రమం ఏర్పడుతుంది, మన కంటికి అది కనిపించదు, పురుగుకు కనిపిస్తుంది. చంద్రుడు లేని రాత్రుల్లో పాలపుంతను చూసి దారి పట్టే జాతి ఉందని 2013లో తేలింది. ఆలోచిస్తే ఇదీ ఒక కళాకారుడే. గోళం చేస్తాడు, బహిరంగంగా ప్రదర్శిస్తాడు, చంద్రలయను పాటిస్తాడు, ప్రకృతిని శుభ్రం చేస్తాడు. కరపత్రంలో ఉన్న అర్హతలన్నీ ఉన్న ఏకైక అభ్యర్థి. కానీ గోళం మీద లోగో అచ్చువేయడానికి ఏ కంపెనీ ముందుకు రాకపోవచ్చు.

తాబేలు పిల్లలు ఇసుకలోంచి పైకి వచ్చి, వెలుతురు ఎక్కువున్న వైపు సముద్రం ఉందని నమ్మి పరిగెడతాయి. కోట్ల ఏళ్ల పాటు ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఇప్పుడు తీరాన దీపాలుంటే అవి రోడ్డెక్కుతున్నాయి. తీరంలో ఒక నిండు గోళం వేలాడదీస్తే వాటికి కూడా బహిరంగ కళను ఆస్వాదించే అవకాశం కలుగుతుంది. కింద పడుకుని చూస్తాయి, తెల్లారేదాకా.

పగడాల కథ మాత్రం కొంచెం నిలబడి చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా పక్కనున్న గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఏడాదికి ఒకసారి, పున్నమి దాటిన కొద్ది రాత్రులకు, లెక్కలేనన్ని పగడాలు ఒకే వేళలో తమ అండాలనూ బీజాలనూ నీళ్లలోకి వదులుతాయి. కళ్లు లేవు, మెదడు లేదు, పంచాంగం అసలే లేదు. ఎవరు చెప్పారు వాటికి? తైవాన్ తీరంలోని ఒక పగడపు జాతి మీద 2021లో వెలువడ్డ పరిశోధన ఒక సమాధానం ఇచ్చింది. పున్నమి వరకూ సూర్యుడు దిగేటప్పటికే చంద్రుడు పైన ఉంటాడు, చీకటి సందు దొరకదు. పున్నమి దాటాక ఆయన ఆలస్యంగా రావడం మొదలవుతుంది. సూర్యుడు వెళ్లిపోయి చంద్రుడు ఇంకా రాని ఆ కాసేపు చిక్కటి చీకటి. ఆ చీకటి తగిలిందంటే పగడానికి కబురు అందినట్టే.

నేను మొదటి పేజీలో ఫిర్యాదు రాసుకున్న 50 నిమిషాల ఆలస్యం ఇదే. హాజరుపట్టీలో ఎర్రసిరాతో సున్నా చుట్టిన చోటే సముద్రం అడుగున ఒక జాతి తన ముహూర్తం చూసుకుంటోంది. ఫిర్యాదు వెనక్కి తీసుకుందామంటే అప్పటికే నంబరు పడిపోయింది.

తీరాల్లో దీపాలు పెరిగిన చోట ఈ సందు మాసిపోతోంది. దీపాల వెలుగు పడే దిబ్బల్లో పగడాలు పున్నమికి ఒకటి నుంచి మూడు రోజులు దగ్గరగా జరిగి పనికానిచ్చేస్తున్నాయని 2023లో ఇంకో పరిశోధన చెప్పింది. పక్క దిబ్బలది ఒక ముహూర్తం, వీటిది ఒకటి. పెళ్లికొడుకు విడిదికి చేరేసరికి పెళ్లికూతురి వాళ్లు పందిరి విప్పేసిన చందం.

కళ, దీపం, ప్రాణి ఈ మూడూ ఎదురుపడ్డ చోట ఏం చేయాలో ఒక నగరం నేర్చుకుంది, అది ఒప్పుకోవాలి. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 మృతుల స్మృతికి ఏటా 88 సెర్చ్‌లైట్లతో రెండు కాంతిస్తంభాలు ఆకాశంలోకి నిలబెడతారు. చూసినవాళ్లు చేతులు జోడిస్తారు. కానీ అది వలసపక్షుల కాలం. ఏడు రాత్రుల రాడార్ లెక్కలు తీసి, దాదాపు 11 లక్షల పక్షులు ఆ వెలుగుకు లోనయ్యాయని 2017లో అంచనా కట్టారు. ఆ కాంతిలో చిక్కి గుండ్రంగా తిరుగుతూ, అరుస్తూ అలసిపోతాయవి. అందుకని అక్కడ మనుషులు నిలబడి పక్షుల్ని లెక్కపెడతారు. వెయ్యి దాటితే 20 నిమిషాలు దీపాలు ఆర్పేస్తారు. ఆర్పిన కాసేపటికి పక్షులు తేరుకుని తమ దారిన పోతాయి. ఆ కళాఖండంలో నాకు నచ్చిన భాగం ఆ 20 నిమిషాలే. చనిపోయినవాళ్ల కోసం వెలిగించిన దీపాన్ని బతికున్న పిట్టల కోసం ఆర్పడం కన్నా పెద్ద శ్రద్ధాంజలి నాకు తెలియదు.

మిగతా ప్రపంచం ఆర్పడం మీద అంత నమ్మకంతో లేదు. చంద్రుడు చాలడం లేదని అదనపు చంద్రుల్ని నియమించే ప్రయత్నాలు ఎప్పటినుంచో ఉన్నాయి. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో 1890లలో 165 అడుగుల ఎత్తున వెన్నెల బురుజులు కట్టి పైన దీపాలు పెట్టారు. ఆ వెలుగుకు పైరు రాత్రుళ్లు కూడా పెరిగిపోతుందేమోనని కొందరు హడలిపోయారని చెప్పుకుంటారు. 1993లో రష్యావాళ్లు అంతరిక్షంలో 20 మీటర్ల అద్దం విప్పి, 5 కిలోమీటర్ల వెడల్పున పున్నమంత వెలుగును ఐరోపా మీదుగా పరిగెత్తించారు. చాలాచోట్ల మబ్బు పట్టి ఉండడంతో చూసినవాళ్లు తక్కువ. 1999లో ఇంకా పెద్ద అద్దం విప్పబోతే అది తమ నౌక యాంటెన్నాకే చుట్టుకుంది. చైనాలో చెంగ్డూ నగరం మీద 2020 నాటికి చంద్రుడికి 8 రెట్లు కాంతివంతమైన కృత్రిమ చంద్రుణ్ణి నిలిపి, వీధిదీపాల ఖర్చు మిగిలిస్తామని 2018లో ప్రకటన వచ్చింది. 2020 వచ్చింది, వెళ్లింది. చెంగ్డూ మీద పాతవాడే డ్యూటీలో ఉన్నాడు.

ఇవన్నీ ఇలా ఉండగా ఒకాయన నేరుగా చంద్రుడి మీదే బహిరంగ కళ పెట్టించాడు. అమెరికన్ శిల్పి జెఫ్ కూన్స్ చేసిన అంగుళం పాటి చంద్రబొమ్మలు 125, ఒక పారదర్శకమైన పెట్టెలో సర్ది, 2024 ఫిబ్రవరి 22న ఒడిస్సియస్ అనే నౌకలో దింపారు. బొమ్మలు దాదాపు అన్నీ చంద్రకళలవే. చంద్రుడికి చంద్రుణ్ణి కానుకగా పంపడం అన్నమాట. నౌక దిగింది కానీ పక్కకు ఒరిగిపోయింది. అక్కడ ఎవరూ లేరు కాబట్టి, దాన్ని ఎటు నుంచి చూడాలన్న గొడవ లేదు.

ఈలోగా అసలు ఆకాశం సంగతి. ప్రపంచ జనాభాలో 80 శాతం పైచిలుకు దీపాలతో మసకేసిన ఆకాశం కింద బతుకుతోందనీ, మూడో వంతు మందికి పాలపుంత కనిపించదనీ 2016లో లెక్క తేల్చారు. ఆ మసక ఏటా 10 శాతం దాకా పెరుగుతోందని 2023లో మరో లెక్క. 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు 18 ఏళ్లు నిండేసరికి అక్కడ 100 మిగులుతాయట. ఇదంతా ఏ శిల్పీ చేసిన పాపం కాదు. ఒక నైలాన్ గోళం వల్ల ఆకాశం కూలిపోదు. వీధిదీపాలు, హోర్డింగులు, రాత్రంతా ఎవరూ లేకుండా వెలిగే ఆఫీసులు, ఇవీ అసలు దోషులు. కానీ ఆ హోర్డింగుల మధ్యే ఒక హోర్డింగు మీద ‘చంద్రుడితో మళ్లీ స్నేహం చేద్దాం’ అని వెలుగుతుంటే నాకు నవ్వొస్తుంది, ఏం చేయను.

విమర్శించడమే కాదు, పరిష్కారం కూడా చెప్పాలంటారు. చెబుతాను. ఇది నా సొంత ఊహ కాదు, పాత మునిసిపాలిటీలది. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో, అమెరికాలో చాలా పట్టణాలు గ్యాసు ఖర్చు కలిసొస్తుందని, పంచాంగం ప్రకారం వెన్నెల ఉండాల్సిన రాత్రుల్లో వీధిదీపాలు వెలిగించేవి కావు. మబ్బు పట్టినా సరే, పంచాంగంలో వెన్నెల ఉంది కాబట్టి ఊరంతా తడుముకుంటూ ఇంటికి చేరాల్సిందే. చాంద్రలయతో ఇంతగా మమేకమైన పాలన మళ్లీ రాలేదు. పిసినారితనంతో చేసిన పనైనా, గుమాస్తా దగ్గర్నుంచి దీపాలు వెలిగించేవాడి దాకా అందరికీ ఇవాళ తిథి ఎంతో తెలిసి ఉండేది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. తర్వాతి చంద్ర ప్రదర్శనకు గోళం వద్దు, గుడ్డ వద్దు. పున్నమి వెళ్లిన మూడో రాత్రి, చీకటి పడినప్పటి నుంచి చంద్రోదయం దాకా, ఊరి దీపాలన్నీ ఆర్పేద్దాం. ఆసుపత్రులను వదిలేద్దాం. కళాఖండం పేరు ‘ఆలస్యం’. సామగ్రి: చీకటి. పరిమాణం: ఊరంత. చివర్లో ఆ తారురోడ్డు ముక్క తూర్పున లేస్తుంది, మొదట్లో చెప్పానే, చుట్టూ చీకటి ఉంటేనే అది వెన్నెల అవుతుందని.

ఏ కమిటీ ముందు పెట్టినా వచ్చే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. చీకటిని ముఖ్య అతిథి ఎలా ప్రారంభిస్తారు? రిబ్బను కనబడకపోతే కత్తెర ఎవరి వేలి మీద పడుతుంది? స్పాన్సర్ పేరు ఎక్కడ రాస్తారు, రాసినా ఎలా చదువుతారు? ఫొటోల్లో ఏం పడుతుంది? అయినా నేను ఆశావాదిని. ఎప్పుడో ఒకప్పుడు, అమావాస్యకో పున్నానికో, ఒక కమిటీ దీనికి ఆమోదముద్ర వేస్తుంది. ఆ ఉత్తర్వు కాగితం ఇప్పుడే నా కళ్ల ముందు కదలాడుతోంది. చీకటిని 5 నిమిషాలకు కుదించడమైనది. సదరు చీకటి సాయంత్రం అయిదున్నరకు, వెలుతురు ఉండగానే ప్రారంభం కావలెను. ప్రజలకు ఎలాంటి అసౌకర్యమూ కలగకుండా, చీకటి అందరికీ స్పష్టంగా కనిపించేటట్టు, మైదానం నలువైపులా తగినన్ని ఫ్లడ్‌లైట్లు ఏర్పాటు చేయవలెను.